కాళ్లవాపును పదికాలాలపాటు కాపాడుకోవడం ఎలా?

సాయంత్రానికి చెప్పులు బిగుతవుతున్నాయా? సాక్సు విప్పితే చీలమండ పైన గాడి కనిపిస్తోందా? మోకాలి కింద, ముందువైపు ఎముక మీద బొటనవేలితో కాసేపు నొక్కి తీస్తే సొట్ట అలాగే నిలిచి ఉందా? శుభం. మీకు వాపు వచ్చింది. అది దానంతటదే పోకుండా, డాక్టర్ల చేతుల్లో పడి పాడైపోకుండా ఏళ్ల తరబడి నిలుపుకోవడానికి మనవాళ్లు శ్రద్ధగా పాటిస్తున్న పద్ధతులను ఇక్కడ ఒకచోట చేర్చాం. ఇందులో మా సొంతం ఏమీ లేదు. పెళ్లి పందిళ్లలో, బస్టాండుల్లో, మందుల షాపు కౌంటర్ల ముందు ఉచితంగా దొరికే జ్ఞానమే ఇదంతా.

ఎందుకొచ్చిందని అడక్కండి

ఇది మూలసూత్రం. దీన్ని పాటిస్తే మిగతావన్నీ వాటంతటవే కుదురుకుంటాయి.

డాక్టర్లకు ఒక దురలవాటు ఉంది. కాలు చూపిస్తే గుండె వింటారు. కనురెప్ప కిందికి లాగి చూస్తారు. మూత్రం పట్టి ఇమ్మంటారు. రాత్రిపూట ఎన్ని దిండ్లు వేసుకుని పడుకుంటారని అడుగుతారు. ‘వాచింది కాలు కదండీ, దిండ్ల లెక్క మీకెందుకు?’ అని మీరు నిలదీయాలి. వెల్లకిలా పడుకుంటే ఆయాసం వచ్చి, ఒక దిండు రెండై, రెండు మూడై, చివరికి గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోతున్న మనిషికి గుండె నీరసించి ఉంటుందని వాళ్ల అనుమానం. పొద్దున లేచేసరికి కళ్ల కింద ఉబ్బి, మూత్రం నురగ కడుతుంటే కిడ్నీలోంచి ప్రొటీను కారిపోతోందని అనుమానం. కాళ్లతో పాటు పొట్ట కూడా ముందుకొస్తే లివరు మీద అనుమానం. ఊరికే చలేస్తూ, నొక్కినా సొట్ట పడని వాపైతే థైరాయిడు మీద అనుమానం. ఇంత అనుమానపు మనుషులతో మనకెందుకు?

వాళ్లు చెప్పే శాస్త్రం ఇది. రక్తంలోని నీరు సన్నటి నాళాల గోడల్లోంచి నిత్యం కొద్దికొద్దిగా ఊరుతుంది. ఊరినదాన్ని సిరలు, లింఫు నాళాలు తిరిగి లాక్కుపోతాయి. సిరల్లో ఒత్తిడి పెరిగినా, నీటిని పట్టి ఉంచే ఆల్బుమిన్ అనే ప్రొటీను రక్తంలో తగ్గినా, లింఫు దారి మూసుకుపోయినా ఊరిన నీరు అక్కడే ఉండిపోతుంది. మనం నిలబడే ప్రాణులం కాబట్టి అది కాళ్లలోకి దిగుతుంది. అంటే వాపు కాలిలో, కారణం ఎక్కడో. ఆ ఎక్కడో అన్నది వెతకకపోవడంలోనే మన విజయం ఉంది.

ఈ విషయంలో మనకు పాత చరిత్రే ఉంది. రెండువందల ఏళ్ల కిందట ఉత్తర సర్కార్లు అని పిలిచిన మన కోస్తా జిల్లాల్లో బెరిబెరి అనే జబ్బు సిపాయిలను, ఖైదీలను పట్టి పీడించింది. కాళ్లు వాచేవి, తిమ్మిరెక్కేవి, ఆయాసం వచ్చి మనుషులు పోయేవారు. మద్రాసు సర్కారు కొలువులోని మాల్కమ్‌సన్ అనే వైద్యుడు 1835లో దీని మీద ఏకంగా పుస్తకమే రాశాడు. గాలి మీద, నేల మీద, తేమ మీద అనుమానపడ్డవాళ్లు ఎందరో. అసలు దోషి కంచంలో ఉంది. తవుడంతా పోయేలా తెల్లగా పట్టించిన పచ్చి బియ్యంలో థయమిన్ అనే విటమిన్ మిగలదు. 1890లలో జావాలో ఐక్‌మన్ అనే డచ్చి డాక్టరు కోళ్లకు తెల్లన్నం పెట్టి ఆ గుట్టు లాగాడు. 1929లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఉప్పుడు బియ్యం తినే ఊళ్లను ఈ జబ్బు పెద్దగా ముట్టలేదు, ఎందుకంటే ధాన్యాన్ని ఉడకబెట్టినప్పుడు విటమిన్ గింజ లోపలికి దిగుతుంది. ఇప్పుడు బెరిబెరి చాలావరకు పోయింది. రోజూ మందు కొట్టి అన్నం మానేసేవాళ్లు మాత్రం దాన్ని అక్కడక్కడా నిలబెడుతున్నారు. వాళ్లకు లివరు వాపు ఎటూ బోనస్.

నీళ్లు మానండి, ఆవకాయ మానకండి

‘కాళ్లకు నీరు పట్టిందట’ అన్న మాట వినగానే ఇంట్లో అందరూ కలిసి చేయవలసిన పని పెద్దాయన చేతిలోని మంచినీళ్ల గ్లాసు లాక్కోవడం. నీరు పట్టినవాడికి నీళ్లేమిటి? తర్కం ఎంత శుభ్రంగా ఉందో చూడండి.

డాక్టర్లు ఇక్కడా అడ్డుపుల్ల వేస్తారు. గుండె బాగా బలహీనపడ్డవాళ్లకు, కిడ్నీలు చెడినవాళ్లకు రోజుకు ఇన్ని నీళ్లని వాళ్లే కొలిచి చెబుతారు. మిగతావాళ్ల విషయంలో మాత్రం నీటిని కట్టిపడేసేది ఉప్పు అంటారు. సాక్ష్యం కావాలంటే సెలైన్ సీసా మీద అచ్చు చదవండి. 0.9 శాతం. అంటే లీటరు నీటికి 9 గ్రాముల ఉప్పు. మన ఒంటి ద్రవాల లెక్క కూడా ఇంచుమించు అదే. ఒంట్లో అదనంగా 9 గ్రాముల ఉప్పు ఉండిపోతే, దానికి జతగా లీటరు నీరు ఉండిపోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు రోజంతటికీ పెట్టిన హద్దు 5 గ్రాముల లోపు. చిన్న చెంచాడు.

చిన్న చెంచాడు ఉప్పుతో తెలుగువాడు బతకడం ఏమిటి? అది మన జాతికే అవమానం. ఆవపిండి ఎంతో, కారం ఎంతో, ఉప్పూ ఇంచుమించు అంతే పోసి కలిపిన ఆవకాయ ఎందుకున్నట్టు? పప్పులోకి అప్పడం, చారులోకి వడియం, పెరుగన్నంలోకి చల్లమిరపకాయ, ఆదివారం ఎండుచేపల పులుసు, సాయంత్రం మిర్చిబజ్జీ, రాత్రి టీవీ ముందు మిక్చరు. కూరలో ఉప్పు తగ్గించమని కోడలికి కచ్చితంగా చెప్పండి, ఆ లోటు ఊరగాయతో పూడ్చుకోండి. పెరుగులో మాత్రం ఉప్పు వేసుకోకుండా ఉండలేం కదా.

మరీ మనస్సాక్షి పీడిస్తే రంగు మార్చండి.

‘బాబాయ్, ఉప్పు మానేశారటగా?’

‘ఎప్పుడో మానేశానురా. ఇప్పుడంతా సైంధవ లవణమే. ఎంత వేసుకున్నా ఏం కాదు.’

సైంధవ లవణమైనా, గులాబీ రంగు రాతి ఉప్పయినా దాదాపు మొత్తం సోడియం క్లోరైడే. ఎక్కువ ధర పెట్టి కొన్నాం కాబట్టి అది ఒంట్లో వేరేగా ప్రవర్తిస్తుందని నమ్మాలి. ‘సోడియం తక్కువ’ అని రాసి ఉన్న ఉప్పు ప్యాకెట్లలో సోడియానికి బదులు పొటాషియం కలుపుతారు. కిడ్నీ దెబ్బతిన్నవాళ్లకు రక్తంలో పొటాషియం పెరిగితే గుండె లయ తప్పుతుంది. ఆ ప్యాకెట్‌ను, ‘ఒంటికి చలవ’ అంటూ రోజూ రెండు కొబ్బరిబోండాలను, కిడ్నీ పేషెంటు బావగారికి తప్పకుండా ఇప్పించండి. కొబ్బరినీళ్లలో పొటాషియం దండిగా ఉంటుంది. రక్తపరీక్ష చేయించుకున్నావా బావా అని అడగడం మర్యాద కాదు.

మాత్ర పక్కింటిదైతే మేలు

కాళ్లవాపుకు ఊరంతటికీ ఒకటే మాత్ర: లాసిక్స్. పక్కింటి పిన్నిగారికి పనిచేసింది, మీకెందుకు పనిచేయదు? దాని ప్రభావం ఆరు గంటలు ఉంటుందని ఆ పేరు పెట్టారట. ఆ ఆరు గంటలూ బాత్రూము చుట్టూ తిరుగుతారు, వాపు తగ్గుతుంది, మర్నాడు మళ్లీ వస్తుంది, మళ్లీ వేసుకుంటారు. మధ్యలో ఒంట్లోని పొటాషియం, సోడియం కూడా మూత్రంతో పాటు వెళ్లిపోతాయి. పిక్కలు పట్టేస్తాయి, నీరసం వస్తుంది, లేచి నిలబడితే కళ్లు తిరుగుతాయి. గుండె జబ్బుకు, కిడ్నీ జబ్బుకు ఇది ప్రాణం నిలిపే మందు అన్నది నిజమే. కానీ డాక్టరు మోతాదు చూసి, మధ్యమధ్య రక్తం పరీక్షించి ఇస్తే అందులో థ్రిల్లు ఏముంది?

నీరసం వచ్చింది గనక తర్వాతి అంకం ఆర్‌ఎంపీగారి దగ్గర. నీరసానికి సెలైన్ ఎక్కించాల్సిందే అని ఇంటిల్లిపాదీ పట్టుబట్టండి. ఒక చేతికి లీటరుకు 9 గ్రాముల ఉప్పు కలిపిన నీరు, ఇంకో చేతికి ఆ నీటిని బయటికి తోలే ఇంజెక్షను. గుండె నీరసించినవాడికి ఆ సీసా ఊపిరితిత్తుల్లోకి నీరు తెస్తుంది. కాని చూడ్డానికి మంచం, సీసా, స్టాండు, చుట్టూ చుట్టాలు, వైద్యం జరుగుతున్నట్టు ఎంత నిండుగా ఉంటుంది!

మోకాళ్ల నొప్పి మాత్రల సంగతి చెప్పకపోతే ఈ అధ్యాయం పూర్తికాదు. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్. షాపులో ‘నొప్పికి ఇవ్వు బాబూ’ అంటే స్ట్రిప్పు కత్తిరించి ఇస్తారు. ఇవి ఒంట్లో ఉప్పును, నీటిని ఆపుతాయి, కిడ్నీకి వెళ్లే రక్తాన్ని తగ్గిస్తాయి. కాబట్టి నెలల తరబడి వేసుకోండి. వాపు పెరిగితే లాసిక్స్ కలపండి. ఎలాగూ బీపీకి టెల్మిసార్టనో, ఎనలాప్రిలో వాడుతుంటారు కదా, ఈ మూడూ ఒకేసారి పడితే కిడ్నీ మీద దెబ్బ మీద దెబ్బ పడుతుందని వైద్యులకు బాగా తెలుసు. అందుకే మీరు వాళ్లకు ఒకటి మాత్రమే చెప్పి రెండు దాచాలి. ఇంకా వేగంగా ఫలితం కావాలంటే ఊరూ పేరూ లేని నొప్పుల పొడి వాడండి. మూడో రోజుకే నొప్పి మాయమై, ఆకలి పెరిగి, ముఖం గుండ్రంగా నిగనిగలాడుతుంటే అందులో స్టెరాయిడు కలిపి ఉండవచ్చు. చుట్టాలు మాత్రం ‘పొడి బాగా పట్టింది, మనిషి తేరుకున్నాడు’ అంటారు.

వాపు మందు వల్ల కూడా రావచ్చు. బీపీకి ఇచ్చే ఆమ్లోడిపిన్‌తో చీలమండలు ఉబ్బడం తరచుగా కనిపించేదే. మోతాదు తగ్గించినా, తగిన మరో మందు జత చేసినా, మార్చినా అది దిగిపోతుంది. ఆ సంగతి డాక్టరుకు చెప్పడం సులువైన దారి. మన దారి వేరు. బీపీ మాత్ర మనంతట మనమే మానేద్దాం. కాళ్లు సన్నబడతాయి, బీపీ మాత్రం తన పని తాను చేసుకుంటుంది. పక్షవాతం వచ్చినా కాళ్లు మాత్రం అందంగా ఉంటాయి.

ఒక్క కాలే వాస్తే నూనె తెప్పించండి

రెండు కాళ్లూ సమానంగా వాయడం మామూలు విషయం. ఒక్క కాలు, అందులోనూ ఒకటి రెండు రోజుల్లో, పిక్క బిగుసుకుని, వేడిగా, నొప్పిగా వాచిందంటే అది మర్దనకు పిలుపు. ఆముదం వెచ్చచేయండి. బలమున్న మనిషిని కూర్చోబెట్టి పిక్కను కింది నుంచి పైకి గట్టిగా పామించండి.

ఎందుకు వద్దంటారో కూడా చెబుతాం, మీరు నవ్వుకోవచ్చు. పిక్క లోపలి పెద్ద సిరలో రక్తం గడ్డకట్టి ఉంటే ఇలాగే వాస్తుంది. ఆ గడ్డ విడివడితే సిర వెంట పైకి పోయి, గుండె దాటి, ఊపిరితిత్తి నాళంలో ఇరుక్కుంటుంది. ఆయాసం, ఛాతీలో పోటు, దగ్గితే రక్తపు చార, ఒక్కోసారి నిలబడ్డ మనిషి అలాగే కూలిపోవడం. డాప్లర్ స్కాన్ తీస్తే గడ్డ ఉందో లేదో అప్పటికప్పుడు తెలుస్తుంది. ఉంటే రక్తం పలచబరిచే మందులు ఇస్తారు. నూనె సీసా కన్నా స్కాన్ ఖరీదు ఎక్కువ కాబట్టి మనం నూనెనే ఎంచుకుంటాం.

ఈ గడ్డ ఎలా సంపాదించాలి? కదలకుండా కూర్చోవడం వల్ల. 1940లో లండన్ మీద జర్మన్లు బాంబులు కురిపిస్తుంటే జనం నేలమాళిగల్లో కాన్వాసు పడక కుర్చీల్లో రాత్రంతా కూర్చునేవారు. కుర్చీ ముందు కర్ర తొడల కింద ఒత్తుకునేది. బాంబు తగలని మనుషులు కొందరు పొద్దున లేచి నాలుగడుగులు వేసి పడిపోయారు. కీత్ సింప్సన్ అనే డాక్టరు శవపరీక్షలు చేసి, కాలి సిరల్లో గడ్డలు కట్టి ఊపిరితిత్తుల్లోకి పోయాయని ఆ ఏడాదే లాన్సెట్ పత్రికలో రాశాడు. కుర్చీలు వద్దు, పడుకోవడానికి బల్లలు వేయండని సలహా ఇచ్చాడు. 2007లో ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కతేల్చినదాని ప్రకారం నాలుగు గంటలకు మించి కదలకుండా సాగే ప్రయాణంతో గడ్డకట్టే ముప్పు దాదాపు రెట్టింపవుతుంది. మామూలు ఆరోగ్యవంతుల్లో అది ఆరువేల మందిలో ఒకరికి. ఆపరేషను అయినవాళ్లు, క్యాన్సరు ఉన్నవాళ్లు, గర్భిణులు, అంతకు ముందే ఒకసారి గడ్డకట్టినవాళ్లు ఈ లెక్కలోకి రారు. వాళ్ల ముప్పు ఇంకా పెద్దది.

హైదరాబాదు నుంచి విశాఖకు రాత్రి బస్సెక్కే ప్రయాణికులకు మా సూచన ఇది. ఎక్కగానే దుప్పటి కప్పుకుని, మోకాళ్లు మడిచి, తెల్లారేదాకా కదలకండి. మధ్యలో బస్సు టీ కోసం ఆగితే దిగకండి. డాలస్‌లో కూతురి పురుడు పోయడానికి వెళ్లే అమ్మగారికి విమానంలో మరీ సదుపాయం. కిటికీ సీటు అడిగి తీసుకోవాలి. పక్కనున్న ఇద్దరు తెల్లవాళ్లను లేపడం బాగుండదు కదా, అందుకని నీళ్లు తాగకుండా, బాత్రూముకు లేవకుండా, ఇరవై పైచిలుకు గంటల ప్రయాణాన్ని ఒకే భంగిమలో ముగించాలి. గంటకోసారి లేచి నడవడం, కూర్చునే పాదాలు పైకీ కిందికీ ఆడించడం చూసి తోటివాళ్లు నవ్వుతారేమో.

అక్కడికి చేరాక కూతురి కోసం పాతపద్ధతి పాటించండి. కాన్పయిన తర్వాత మొదటి ఆరు వారాలు గడ్డలకు అదునైన కాలం అంటారు డాక్టర్లు, లేచి తిరగమంటారు. బాలింతను మంచం దిగనివ్వకండి.

నిలబడే ఉద్యోగం, నిలువెత్తు సేవ

చీర విప్పి చూపించే అమ్మాయి కూర్చుంటే చీర అందం తగ్గుతుంది. ఇది బట్టల షాపు యజమానులు కనుగొన్న సత్యం. పొద్దున పదింటి నుంచి రాత్రి పదింటి దాకా, పండగ సీజనులో ఇంకా ఆలస్యం దాకా, గిరాకీ ఉన్నా లేకున్నా నిలబడే ఉండాలి. కౌంటరు వెనక స్టూలు కనిపిస్తే సూపర్‌వైజరు తీయించాలి. ఈ పద్ధతితో వాపును, ఉబ్బిన సిరలను, చీలమండ పక్కన మానని పుండును ఒకే జీతం మీద ముగ్గురికి సరిపడా సంపాదించవచ్చు.

కదలకుండా నిలబడితే చీలమండ దగ్గర సిరల్లో ఒత్తిడి 80, 90 మిల్లీమీటర్ల పాదరసం దాకా ఉంటుంది. నడిస్తే పిక్క కండరం సిరలను పిండి రక్తాన్ని పైకి తోస్తుంది, ఒత్తిడి 30 లోపుకు పడిపోతుంది. సిరల లోపల రక్తం వెనక్కి జారకుండా చిన్న కవాటాలు ఉంటాయి. ఏళ్ల తరబడి నిలబడితే అవి సడలుతాయి. పాపం నడవడానికి కూడా వీల్లేని చోటే ఈ నిలబడటం జరుగుతుంది, రెండడుగుల కౌంటరు వెనక. ట్రాఫిక్ కానిస్టేబులు, సెలూను మనిషి, హోటల్లో దోసె మాస్టరు, పాఠం చెప్పే టీచరు అందరిదీ ఇదే కాలు.

దక్షిణాదిలోనే రెండు రాష్ట్రాలు ఈ సంప్రదాయాన్ని చెడగొట్టాయి. కోళికోడ్‌లో బట్టల దుకాణాల్లో పనిచేసే ఆడవాళ్లు ఏళ్లపాటు గొడవ చేస్తే కేరళ 2018లో దుకాణాల చట్టాన్ని సవరించి, కూర్చునే వీలు కల్పించి తీరాలంది. తమిళనాడు 2021లో అదే దారి పట్టింది. కూర్చునే హక్కు అని దానికి పేరు. మన యజమానులు మాత్రం షాపు ప్రారంభోత్సవానికి సినిమా తార కోసం సోఫా వేయించి ఆ ముచ్చట తీర్చుకోవచ్చు. కొనేవాళ్లుగా మనం చేయవలసింది నాలుగో అంతస్తులో యాభయ్యో చీర విప్పించి, ‘ఇంకేమైనా ఉన్నాయా అమ్మాయ్?’ అనడం.

బోదకాలు: మాత్ర పుచ్చుకోండి, మింగకండి

కోస్తాలో గోదావరి జిల్లాల నుంచి శ్రీకాకుళం దాకా, ఇటు తెలంగాణలో నల్లగొండ, కరీంనగర్ వైపు కూడా బోదకాలు తెలియని పెద్దవాళ్లు తక్కువ. దీన్ని మంత్రానికి, దిష్టికి, నేల తేమకు కట్టబెట్టడం మన ఆనవాయితీ. 1877లో చైనాలోని అమోయ్ రేవులో పాట్రిక్ మాన్సన్ అనే డాక్టరు దోమ కడుపులో ఈ పురుగు పిల్లలను చూసి ఆ కథలన్నీ చెడగొట్టాడు. మురుగుకాలవలో పుట్టే క్యూలెక్స్ దోమ కుడితే ఫైలేరియా పురుగు లింఫు నాళాల్లో కాపురం పెట్టి వాటిని పాడుచేస్తుంది. కాలువలో పూడిక అలాగే ఉంచండి.

మనదేశంలో ఫైలేరియా నియంత్రణ కార్యక్రమం 1955లో మొదలైంది. పూర్తిగా తుడిచిపెట్టాలని ఇప్పుడు పెట్టుకున్న గడువు 2027. ఆ గడువు తప్పించడం పౌరుల చేతుల్లోనే ఉంది. ఆశా కార్యకర్త ఇంటికొచ్చి డీఈసీ, ఆల్బెండజోల్ మాత్రలు ఇచ్చి తన ముందే మింగమంటుంది. ‘అన్నం తిన్నాక వేసుకుంటాలే అమ్మా’ అని తీసుకుని గూట్లో పెట్టండి. ‘నాకు బోదకాలు లేదు, నాకెందుకు?’ అనండి. కాలు వాయడానికి ఏళ్ల ముందే పురుగు పిల్లలు రక్తంలో తిరుగుతుంటాయి, మీ నుంచి దోమకూ, దోమ నుంచి పక్కింటి పిల్లాడికీ చేరతాయి. కాలు ఏనుగు కాలయ్యాక మాత్ర ఆ కాలును వెనక్కి తేలేదు. మాత్ర మింగిన కొందరికి జ్వరం, తలతిరగడం వస్తాయి, సాధారణంగా అవి ఒంట్లో పురుగులు చస్తున్నందుకు వచ్చేవి. దాన్ని ‘మాత్ర వికటించింది’ అని ఊరంతా చాటింపు వేయండి. రెండేళ్ల లోపు పిల్లలకు, గర్భిణులకు, తీవ్రంగా జబ్బుపడ్డవాళ్లకు ఎలాగూ ఇవ్వరు. ఆ మినహాయింపును మిగతావాళ్లందరూ వాడుకోవచ్చు. ఫైలేరియా సిబ్బంది రాత్రి పదింటి తర్వాత వేలు గుచ్చి రక్తం తీయడానికి వస్తే ‘పగలు రాకూడదా?’ అని తలుపు వేసేయండి. ఆ పురుగు పిల్లలు పైపై రక్తంలోకి రాత్రిపూటే వస్తాయి మరి.

బోదకాలు వచ్చేసినవాళ్లకు ఒక్కటే జాగ్రత్త: కాలు కడగకండి. రోజూ సబ్బుతో కడిగి, వేళ్ల సందులు మెత్తగా తుడిచి ఆరబెట్టి, పగుళ్లకు మందు రాసి, పాదాలు ఎత్తున పెట్టుకుంటే చలిజ్వరం, గజ్జల్లో బిళ్లలు కట్టడం బాగా తగ్గిపోతాయి. ఒక్కో జ్వరానికీ కాలు ఇంకొంచెం లావెక్కుతుంది. వేళ్ల సందుల్లో చెమ్మ, ఒరుపు, చిన్న పుండు ఉంటే చాలు, మిగతా పని సూక్ష్మక్రిములు చూసుకుంటాయి.

ఇంట్లో చేసుకోదగిన చిన్న చిన్న పనులు

కాళ్లు ఎత్తుగా పెట్టుకోమంటే కుర్చీలో కూర్చుని పాదాలు పీట మీద పెట్టండి. పడుకుని, గుండె కన్నా ఎత్తున దిండ్ల మీద పెడితే నీరు నిజంగానే దిగిపోతుంది. క్రేప్ బ్యాండేజీ పిక్క చుట్టూ నాలుగు చుట్లు బిగించి వదిలేయండి, పాదం కిందనుంచి ఉబ్బుకొస్తుంది. వేళ్ల మొదళ్ల దగ్గర మొదలుపెట్టి, కింద బిగువుగా పైకి వదులుగా చుట్టేది నర్సులు. ఒత్తిడి సాక్సులు పొద్దున మంచం దిగకముందే వేసుకోవాలంటారు, మీరు సాయంత్రం వాచాక వేసుకోండి, ఎక్కకపోతే ‘అవి పనికిరావు’ అనేయండి. షుగరున్నవాళ్లు, చుట్టలు తాగేవాళ్లు ధమనుల్లో రక్తం సరిగా పారుతోందో లేదో చూపించుకోకుండానే వేసుకోవచ్చు, వేళ్లు నల్లబడితే అప్పుడు చూసుకోవచ్చు. చీలమండకు కట్టిన నల్లదారం చర్మంలోకి దిగిపోయినా తెంపకండి, దిష్టి తిరిగొస్తుంది.

షుగరుతో అరికాళ్లు మొద్దుబారిన మామగారికి ఇటుక కాల్చి కాపడం పెట్టండి. ‘వేడిగా ఉందా మామయ్యా?’ అని అడిగితే ‘హాయిగా ఉందమ్మా’ అంటారు. పొక్కు లేచాక చూద్దాం.

నెలలు నిండుతున్న కోడలికి కాళ్లు వాస్తే ‘మా రోజుల్లో మాకూ వాచాయి’ అనండి. తలనొప్పి, చూపు మసకబారడం, డొక్కలో పోటు, చేతులూ ముఖమూ ఉబ్బడం వీటిలో ఏదైనా కలిసినా అదే మాట అనండి. ఐదో నెల దాటాక బీపీ 140/90కి చేరితే ఫిట్స్ దాకా పోవచ్చన్న సంగతి ఆసుపత్రివాళ్లు చూసుకుంటారు, బీపీ చూపిస్తే కదా. పొద్దున్నే ముఖం ఉబ్బి, బుగ్గలు నిండి, నిక్కరు బిగుతైన నాలుగేళ్ల మనవడిని చూసి మాత్రం నిజంగా సంతోషించండి. ‘మా వాడు ఒళ్లు చేశాడు!’ అని నలుగురికీ చూపించండి. మూత్రంలో ప్రొటీను పోయే నెఫ్రోటిక్ జబ్బులో పిల్లలు ఇలాగే బొద్దుగా కనిపిస్తారు. ఒక మూత్ర పరీక్షతో తెలిసిపోయే ఆనందాన్ని పాడుచేసుకోవడం ఎందుకు?

ఉద్దానం పేరు విన్నవాళ్లు ఇంకో నియమం పాటించవచ్చు: కాళ్లు వాచేదాకా కిడ్నీ పరీక్ష చేయించుకోకండి. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు, పలాస వైపు కొబ్బరి, జీడి తోటల్లో పనిచేసే ఎందరికో కిడ్నీలు చప్పుడు లేకుండా చెడ్డాయి. అక్కడి జబ్బులో మూత్రంలో ప్రొటీను అంతగా పోదు, వాపు ఆలస్యంగా వస్తుంది. క్రియాటినిన్ పరీక్ష చాలా ముందే చెప్పేస్తుంది. వాపు కోసం ఆగినవాళ్లు చాలామంది నేరుగా డయాలసిస్ గది చేరారు.

గుండె జబ్బువాళ్లు తూకం మెషీను కొనకండి. ఒళ్లంతా నీరు పట్టే జబ్బులో వాపు కంటికి కనిపించేసరికి రెండు మూడు లీటర్లు ఒంట్లో చేరి ఉంటాయి. రోజూ పొద్దున బరువు చూసుకుంటే మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగిందని ముందే తెలిసిపోతుంది, డాక్టరు ఫోనులోనే మోతాదు మార్చేస్తాడు, ఆసుపత్రిలో చేరే అవకాశం చేజారుతుంది.

మాట వినని మొండివాళ్లకు

ఇంత చెప్పినా డాక్టరు దగ్గరికే పోతామనే మొండివాళ్లు ఉంటారు. వాళ్లు ఏమేం చేస్తారో తెలిస్తే మీరు దూరంగా ఉండవచ్చు. ఇంట్లో వాడుతున్న మాత్రలన్నీ, పొడులతో సహా, ఒక కవరులో వేసుకుని వెళతారు. వాపు ఒక కాలికా రెండింటికా, పొద్దుటా సాయంత్రమా, ఎప్పటినుంచి, ఆయాసం ఉందా అన్నది దాచకుండా చెబుతారు. మూత్రంలో ఆల్బుమిన్, రక్తంలో క్రియాటినిన్, ఒక ఈసీజీ చేయించుకుంటారు. ఇవి ప్రభుత్వాసుపత్రిలో డబ్బు లేకుండానే అవుతాయి. అవసరమైతే గుండె స్కాన్, లివరు, థైరాయిడు పరీక్షలు. చాలామందికి అక్కడే కారణం దొరికిపోతుంది, వాపు పదికాలాలు నిలవదు.

ఒక్క కాలు హఠాత్తుగా వాచినా, వాపుతో పాటు ఆయాసమో ఛాతీలో నొప్పో వచ్చినా వీళ్లు తెల్లారేదాకా కూడా ఆగరు. 108కి ఫోన్ చేస్తారు. బండి ఇంటికే వస్తుంది, పైసా అడగదు. మా సలహాలకు అన్నిటికన్నా పెద్ద శత్రువు అదే.